క్రాసింగ్ కాలంలో పరీక్ష

తెలంగాణలో గద్వాల చుట్టూ ఉన్న నడిగడ్డలో ఆగస్టు దాటితే పొద్దంతా పత్తిచేను చుట్టూ తిరుగుతుంది. సాయంత్రం ఆడ వరుసల్లో నడుస్తూ, మర్నాడు విచ్చబోయే మొగ్గను పట్టుకుని రేకలూ లోపలి పుప్పొడి తిత్తులూ గోటితో ఒలిచేయాలి. తెల్లవారి మగ వరుసలోని పువ్వు కోసుకొచ్చి, నిన్న ఒలిచిపెట్టిన మొగ్గకు పుప్పొడి అద్దాలి. ఎండ ముదిరేలోపు ముగించాలి. చేనులో ఎన్ని మొగ్గలుంటే అన్నిసార్లు, వారాల తరబడి, రోజు తప్పకుండా. గద్వాల, అయిజ, మల్దకల్, గట్టు వైపు దీన్ని క్రాసింగ్ అంటారు. ఎక్కడెక్కడి రైతులో కొనుక్కునే హైబ్రిడ్ పత్తి విత్తనం ఇలా మనుషుల వేళ్ల మీద పుడుతుంది. ఆ పనికి సన్నని వేళ్లు కావాలి, మొక్కకు సరిపోయే ఎత్తు కావాలి, కూలి తక్కువైతే మరీ మంచిది. బడి మొదటి గంట కొట్టేది కూడా ఆ వేళకే.

బళ్లో పరీక్షలు పడేదీ ఆ నెలల్లోనే. ఎఫ్ఏ-2 సెప్టెంబరులో, ఎస్ఏ-1 అక్టోబరులో. వాటి వెనకాలే, పత్తి ఏరే రోజుల్లో, దేశమంతటా ఒకే రోజు జరిగే సర్వే పరీక్ష వస్తుంది. 2017లో అది నవంబరు 13న జరిగింది, 2021లో నవంబరు 12న. పేరు మారి 'పరఖ్' రాష్ట్రీయ సర్వేక్షణ్ అయ్యాక 2024 డిసెంబరు 4న జరిగింది. మూడు, ఆరు, తొమ్మిది తరగతుల పిల్లలు 21 లక్షలకు పైగా, 74 వేలకు పైగా బళ్లలో ఆ రోజు దానికి జవాబులు రాశారు. జిల్లాల వారీగా నివేదికలు వచ్చాయి. వాటి మీద సమీక్షలు జరుగుతాయి, డీఈవోలు సంజాయిషీలు ఇస్తారు.

అయితే ఈ సర్వే ఆ రోజు తరగతి గదిలో కూర్చున్న పిల్లలనే చూస్తుంది. రిజిస్టరులో పేరుండి చేనులో ఉన్న పిల్ల దాని కంటికి ఆనదు. ఏడాదిలో రెండు మూడు నెలలు బడికి దూరమైన ఆ పిల్లే చదువులో అందరికన్నా వెనకబడి ఉంటుంది కాబట్టి, ఆమె రాకపోవడం వల్ల జిల్లా సగటు తగ్గదు, ఇంకాస్త పెరుగుతుంది. లెక్కల్లో ఇంతకు మించిన ఎగతాళి ఉండదు.

పరఖ్ అనే మాట మనకు కొత్త కాదు. పరకాయించి చూడడం అంటామే, ఆ పరఖే. ఢిల్లీలో ఎన్‌సీఈఆర్‌టీ కింద 2023లో మొదలైన ఈ సంస్థకు సాంకేతిక సాయం చేయడానికి ఎంపికైనది అమెరికాలోని ఈటీఎస్. మన వాళ్లకు ఈటీఎస్ అంటే టోఫెల్, జీఆర్ఈ. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో నలిగిన ప్రతి కుర్రాడికీ దాని పేరు తెలుసు. 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడి పిల్లలకు కూడా టోఫెల్ పెడతామని ఆ సంస్థతోనే ఒప్పందం చేసుకుంది. అమెరికాలో బడి పిల్లల చదువును దేశస్థాయిలో కొలిచే నేప్ అనే సర్వే పనిలో 1983 నుంచి ప్రధాన పాత్ర ఈటీఎస్‌దే. కాబట్టి గట్టు మండలంలో మూడో తరగతి పిల్ల ముందుకు వచ్చే ప్రశ్నపత్రానికి అమెరికాలో ఒక మేనత్త ఉంది. ఆ మేనత్త కాపురం ఎలా సాగిందో తెలుసుకోవడం మనకు అవసరం.

అమెరికా బళ్లలో రాతపరీక్ష చరిత్ర 1845లో బోస్టన్‌లో మొదలైందని చెప్పుకోవచ్చు. అంతకుముందు అక్కడా మన వీధిబడి పద్ధతే, అప్పజెప్పడమే. ఏడాదికోసారి కమిటీ పెద్దలు బడికొచ్చి కూర్చుంటారు, పిల్లలు లేచి నోటితో జవాబు చెబుతారు, పెద్దలు తలాడించి వెళతారు. మన పంతుళ్లు దసరాకు పిల్లల్ని వెంటేసుకుని ఇంటింటా పద్యాలు చెప్పించి పప్పుబెల్లాలు పెట్టించుకునేవారు. అదీ ఒక రకం బహిరంగ పరీక్షే, చూసేది ఊరు, మార్కు వేసేదీ ఊరే. బోస్టన్‌లో ఆ ఏడాది విద్యాధికారి హొరేస్ మాన్, ఆయన మిత్రుడు శామ్యూల్ హోవ్ కలిసి అందరికీ ఒకే అచ్చు ప్రశ్నలిచ్చి రాయించారు. ఫలితాలు నాసిగా వచ్చాయి. వాళ్లు ఆశించిందీ అదే. అంతకు ముందు ఏడాది బోస్టన్ హెడ్‌మాస్టర్లు 31 మంది మాన్ సంస్కరణలను ఎండగడుతూ పుస్తకం అచ్చేశారు. రాతపరీక్ష వారికి జవాబు. పలకలు పట్టింది పిల్లలు, పరీక్ష మాత్రం మాస్టర్లకు. పుట్టుకతోనే ఈ పరికరంలో రెండు పనులు కలిసిపోయాయన్న మాట. ఒకటి పిల్లకు ఏమొచ్చో తెలుసుకోవడం, రెండోది పెద్దల తగాదాలో ఆయుధం కావడం.

తర్వాతి వందేళ్లలో యంత్రం పెరిగింది. 1914-15 ప్రాంతంలో కాన్సస్‌లో ఫ్రెడరిక్ కెల్లీ టిక్కు పెట్టే ప్రశ్నలు తయారుచేశాడు. మన టెన్త్‌లో చివరి అరగంటకు చేతికిచ్చే బిట్ పేపర్‌కు మూలపురుషుడు ఆయనే అనుకోవచ్చు. (బిట్ పేపర్ ఇచ్చే ఆ అరగంటలో కిటికీల అవతల ఎంత సందడి ఉండేదో 1980లు, 90లలో టెన్త్ రాసిన తరానికి చెప్పనక్కర్లేదు.) మొదటి ప్రపంచ యుద్ధంలో 17 లక్షల మంది సైనికులకు తెలివితేటల పరీక్ష పెట్టారు. ఆ అంకెలు పట్టుకుని కార్ల్ బ్రిగమ్ అనే మనస్తత్వవేత్త ఏ జాతి ఎక్కువ, ఏ జాతి తక్కువ అని 1923లో పుస్తకం రాశాడు. 1926లో కాలేజీ ప్రవేశానికి ఎస్ఏటీ పరీక్షను తయారుచేసిందీ ఆయనే. 1930 నాటికి తన పుస్తకానికి పునాది లేదని ఆయనే ఒప్పుకున్నాడు. పుస్తకం పోయింది, పరీక్ష మిగిలింది.

అసలు మలుపు 1965లో. పేదరికంపై యుద్ధం అంటూ అధ్యక్షుడు లిండన్ జాన్సన్ పేద పిల్లల బళ్లకు కేంద్రం డబ్బిచ్చే చట్టం తెచ్చాడు. డబ్బు పోతోంది సరే, పిల్లకు చదువు వస్తోందో లేదో తల్లిదండ్రులకు తెలియాలి కదా అని సెనేటర్ రాబర్ట్ కెనెడీ పట్టుబట్టాడు. ప్రశ్న న్యాయమైనదే. 1969లో మొదలైన నేప్ సర్వే ఆ ప్రశ్నకు ఒక రకమైన సమాధానం. కొద్దిమంది పిల్లలను ఎంపిక చేసి రాయిస్తారు, ఏ పిల్లకూ మార్కు రాదు, ఏ బడికీ ర్యాంకు రాదు, దేశం ఎక్కడుందో మాత్రం తెలుస్తుంది. మరో రకం సమాధానం 2002 జనవరి 8న వచ్చింది. ఆ రోజు అధ్యక్షుడు బుష్ 'ఏ పిల్లా వెనకబడకూడదు' అనే పేరున్న చట్టం మీద సంతకం చేశాడు. మూడు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఏటా లెక్కలు, చదవడం మీద పరీక్ష. 2014 కల్లా నూటికి నూరుమంది ప్రావీణ్యం సాధించాలి. ఏటేటా లక్ష్యం అందుకోని బడికి మెట్టు మెట్టుగా శిక్షలు, చివరికి మూసివేత దాకా.

నూటికి నూరు అన్న చోటే మన అధికారులు కూడా తలాడించి ఉంటారు. మన జిల్లా సమీక్షల్లో వినపడే మాటే అది.

ఆ చట్టానికి నమూనా టెక్సస్. బుష్ గవర్నరుగా ఉన్నప్పుడు అక్కడ పరీక్షల వల్ల అద్భుతం జరిగిందని చెప్పుకున్నారు. హ్యూస్టన్ నగర విద్యాధికారి రాడ్ పేజ్‌ను తీసుకెళ్లి దేశ విద్యామంత్రిని చేశారు. తర్వాత 2003లో విలేకరులు తవ్వితే తేలిందేమిటి? హ్యూస్టన్‌లో షార్ప్స్‌టౌన్ హైస్కూలు 2001-02లో తమ దగ్గర బడి మానేసిన వాళ్లు సున్నా అని రాసుకుంది. సుమారు 1,700 మంది చదివే ఆ బడి నుంచి ఆ ఏడాది 463 మంది వెళ్లిపోయారు. వేరే బడికి మారారనీ, మరొకటనీ కోడ్ నంబర్లు వేసి మాయం చేశారు. రిజిస్టరులో అంతా సవ్యం. అట్లాంటాలో 2011లో బయటపడ్డ కుంభకోణంలో టీచర్లూ హెడ్‌మాస్టర్లూ కలిపి 178 మంది పేర్లు వచ్చాయి. కొందరు కూర్చుని పిల్లల జవాబు పత్రాల్లో తప్పులు చెరిపి ఒప్పులు దిద్దారు. ఒక అంకెకు బహుమతీ శిక్షా కడితే ఆ అంకె పాడవుతుందని డోనాల్డ్ కాంబెల్ అనే సామాజిక శాస్త్రవేత్త 1970లలోనే హెచ్చరించాడు. వినలేదు. 2015 డిసెంబరులో ఒబామా ఆ చట్టాన్ని పక్కనపెట్టి మరొకటి తెచ్చాడు. శిక్షల సంగతి రాష్ట్రాలకు వదిలేశాడు. 2024 నవంబరులో హొరేస్ మాన్ సొంత రాష్ట్రం మసాచుసెట్స్‌లోనే ఓటర్లు రాష్ట్ర పరీక్ష పాసైతేనే హైస్కూలు పట్టా అన్న నిబంధనను ఎత్తేశారు.

ఇంతవరకు విని పరీక్షలన్నీ దండగ, అమెరికాయే తేల్చింది అని లేచిపోయేవాళ్లు మన ఉపాధ్యాయ సంఘాల్లో ఉన్నారు. వాళ్లతో నాకు పేచీ ఉంది. 2002 చట్టంలో రెండు నిబంధనలున్నాయి, శిక్షల గోలలో వాటి సంగతి ఎవరూ మాట్లాడరు. మొదటిది, పరీక్ష రోజు బళ్లో కనీసం 95 శాతం మంది పిల్లలు రాయాలి. రాకపోతే ఎన్ని మార్కులొచ్చినా ఆ బడి లక్ష్యం తప్పినట్టే. రెండోది, సగటు చాలదు. నల్లజాతి పిల్లలకు విడిగా, పేద పిల్లలకు విడిగా, ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడని పిల్లలకు విడిగా, వికలాంగులకు విడిగా ఫలితం చెప్పాలి. ఆ 95 శాతం హాజరు ఒక్కో వర్గానికీ విడిగా వర్తిస్తుంది. బాగా చదివే వాళ్ల వెనక చదవని వాళ్లను దాచడం అప్పటిదాకా ప్రతి బడికీ అలవాటు. ఆ చట్టం వచ్చాక దాచడం కష్టమైంది. 2015 చట్టం శిక్షలను రాష్ట్రాలకు వదిలేసినా ఈ రెండింటినీ ఉంచింది. మనం అమెరికా నుంచి ప్రశ్నపత్రం తయారుచేసే నేర్పు తెచ్చుకున్నాం. ఈ రెండు వాక్యాలు మాత్రం ఓడ ఎక్కలేదు.

ఇక మన ఇంటి సంగతి.

పరీక్ష అంటే ఈ నేలకు కొత్త కాదు. గద్వాలను విద్వద్గద్వాల అన్నారు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలకు ఎక్కడెక్కడి కవులో బళ్లు కట్టుకుని వచ్చేవారు, తిరుపతి వేంకట కవులూ వచ్చారు. అవధానంలో పృచ్ఛకుడి ముందు నిలిచి నెగ్గితే సన్మానం. ఆ పరీక్ష గొప్పదే కానీ కోటగోడ లోపలిది. బయట దళితవాడలో, బోయగేరిలో, కురువ పల్లెలో పిల్లలకు పరీక్ష సంగతి అటుంచి పలకే లేదు. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఒక భారతీయ భాషలో పైచదువులు చెప్పిన తొలి విశ్వవిద్యాలయమని గర్వంగా చెప్పుకుంటాం. ఆ భాష ఉర్దూ. పై తరగతుల్లో పరీక్ష రాసేదీ ఉర్దూలోనే. తెలుగింట పుట్టిన పిల్లవాడు లెక్క తప్పి ఫెయిలయ్యాడో భాష రాక ఫెయిలయ్యాడో ఏ అధికారీ అడగలేదు. గద్వాల, ఆలంపూర్ తాలూకాలు అప్పట్లో రాయచూరు జిల్లాలో ఉండి 1956లో గానీ మహబూబ్‌నగర్‌లో కలవలేదు కనుక ఇక్కడ కన్నడం వాసన కూడా ఉంది. మాతృభాషలో చదువు అన్న డిమాండుతో 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభ మొదటిసారి కూడినప్పుడు అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి. ఆయన ఇటిక్యాలపాడు నడిగడ్డలోనే.

సురవరం వారి పేరు ఇక్కడ ఊరికే తేలేదు. తెలంగాణలో కవులు లేరని ఒకరు పత్రికలో తేలిగ్గా రాసేస్తే ఆయన వాదనకు దిగలేదు, లెక్కకు దిగారు. 354 మంది కవుల పద్యాలు సేకరించి 1934లో 'గోలకొండ కవుల సంచిక' వేశారు. లేరన్న చోట లెక్క తీయడం ఎలా ఉంటుందో అది చూపిస్తుంది. వెతకని వాడికి కనిపించని వాళ్లు, ఊరూరా జాబులు రాసి అడిగినవాడికి కనిపించారు. 1952లో వనపర్తి ప్రజలు ఆయన్ను శాసనసభకు పంపారు.

వనపర్తికి విద్యాపర్తి అని మరో పేరు. సంస్థానం ప్యాలెస్‌లో 1959లో పాలిటెక్నిక్ వచ్చింది, నెహ్రూ ప్రారంభించారు. ఆ సంస్థానపు రాజా రామేశ్వర్‌రావు తర్వాతి కాలంలో ఓరియంట్ లాంగ్‌మన్ ప్రచురణ సంస్థను నడిపారు, దేశంలో ఎన్నో బళ్లకు పాఠ్యపుస్తకాలు అక్కడి నుంచి వెళ్లాయి. 2022 మార్చి 8న 'మన ఊరు - మన బడి' పథకాన్ని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ వనపర్తిలోనే మొదలుపెట్టారు. మూడు విడతల్లో 26,065 బళ్లు, రూ.7,289 కోట్లు అన్నారు. ఇంత ఘనమైన పేరున్న పట్టణం చుట్టూ ఉన్న పల్లెల సంగతి? 2011 జనాభా లెక్కల్లో ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లా అక్షరాస్యత 49.87 శాతం, రాష్ట్రంలో అట్టడుగు. వనపర్తి, నాగర్‌కర్నూల్ 56 దాటలేదు. రాష్ట్ర సగటు 66.54. ఆ రోజు చదువు రానివాళ్లుగా లెక్కకెక్కిన యువతీ యువకులే ఇవాళ మూడో తరగతి పిల్లల అమ్మానాన్నలు. పరీక్షకు ముందు రోజు ఇంట్లో పుస్తకం పట్టుకుని అప్పజెప్పించుకునే మనిషి ఆ పిల్లలకు లేడు. అమ్రాబాద్ అడవి లోపలి చెంచు పెంటల్లోనైతే బడికి నడిచే దారి దగ్గరే కథ మొదలవుతుంది.

మన దగ్గర పిల్లల చదువుకు అంకె అంటే ఒక్కటే, టెన్త్ పాస్ శాతం. ఏటా ఫలితాలతో పాటు జిల్లాల ర్యాంకులు వస్తాయి. ఆ సాయంత్రం కొందరు కలెక్టర్లు నవ్వుతారు, కొందరు డీఈవోలకు నిద్ర పట్టదు. వికారాబాద్ 2023లో 59.46 శాతంతో, 2024లో 65.10తో, 2025లో 73.97తో వరసగా అట్టడుగున నిలిచింది. రెండేళ్లలో పద్నాలుగు శాతం ఎక్కింది. ఆ రెండేళ్లలో అక్కడ పిల్లలకు వచ్చిన చదువు కూడా అంతే పెరిగిందని ఎవరైనా ప్రమాణం చేయగలరా? పెరిగి ఉండవచ్చు కూడా. ఆ అంకె మాత్రం ఆ సంగతి చెప్పదు. అదే అంకె 2020లో నూటికి నూరు అయింది. కరోనా వల్ల మూడు పేపర్ల తర్వాత పరీక్షలు ఆగిపోయి, జూన్ 8న రద్దయి, 5 లక్షల 34 వేల చిల్లర మంది పిల్లలు ఇంటర్నల్ మార్కులతో గట్టెక్కారు.

ఇంటర్నల్ మార్కులది మరో కథ. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైనప్పుడు నిరంతర సమగ్ర మూల్యాంకనం అన్నారు. ఉద్దేశం బంగారం. పిల్లను ఏడాది చివర ఒక్కసారి కాకుండా రోజూ గమనించాలి, ఎక్కడ ఆగిందో చూసి అక్కడ పట్టుకోవాలి. ఆచరణలో అది రికార్డులు రాసే పనైంది. 2014-15 నుంచి టెన్త్‌లో 80 మార్కులు రాతకు, 20 బడికి. చాలా చోట్ల, ప్రైవేటులో మరీ, 20కి 20 వేయడం ఆనవాయితీ అయింది. దాంతో 2024 నవంబరు చివర్లో ప్రభుత్వం ఆ 20 ఎత్తేసి 100కు 100 రాతపరీక్షే అని ఉత్తర్వు ఇచ్చింది. విద్యా సంవత్సరం సగం గడిచాక ఇదేమిటని గోల లేస్తే రెండు రోజుల్లోపే ఆ ఏడాదికి వాయిదా వేసింది. పదకొండు పేపర్లు ఆరయ్యాయి, జీపీఏ వచ్చి పోయింది. పిల్లను గమనించడం ఎలా అన్న అసలు ప్రశ్నను మాత్రం ఎవరూ మళ్లీ ఎత్తలేదు. కొలత కర్రను మాటిమాటికీ మారుస్తున్నాం, పిల్ల ఎత్తు ఎంతో ఎవరికీ తెలియదు.

ఆ ఎత్తు తెలుసుకునే ప్రయత్నం ప్రభుత్వం బయట జరిగింది. ప్రథమ్ సంస్థ 2005 నుంచి చేస్తున్న అసర్ సర్వే బడికి వెళ్లదు, ఇంటికి వెళుతుంది. పిల్ల ఎక్కడుంటే అక్కడికి వెళ్లి చేతిలో రెండో తరగతి పాఠం పెట్టి చదవమంటుంది. 2022లో తెలంగాణ పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో ఆ పాఠం చదవగలిగినవాళ్లు 5.2 శాతం. 2018లో 18.1 ఉండేది. కరోనా మింగేసింది కొంత, అంతకుముందే బాగా లేదు. ఆ ఏడాది ఆగస్టులోనే రాష్ట్రం 'తొలిమెట్టు' అనే ప్రాథమిక చదువుల కార్యక్రమం మొదలుపెట్టింది, మంచి పనే. ఒకే రాష్ట్రం, పైన టెన్త్‌లో తొంభై శాతం పాస్, కింద మూడో తరగతిలో నూటికి ఐదుగురు. ఆ రెండింటి మధ్య ఏడేళ్లలో ఏ మహిమ జరుగుతోందో చెప్పే అంకె మన దగ్గర లేదు.

మహిమ ఏమిటో హెచ్ఎంలకు తెలుసు. జనవరి నుంచి టెన్త్ పిల్లలకు పొద్దునా సాయంత్రం ప్రత్యేక తరగతులు, స్లిప్ టెస్టులు, సి, డి గ్రేడు పిల్లల్ని టీచర్లు దత్తత తీసుకోవడం, దాతలు పెట్టించే అల్పాహారం. దీన్ని నేను ఎగతాళి చేయను. రాత్రి ఏడింటిదాకా బళ్లో కూర్చుని ఒక్కో పిల్లను గట్టెక్కించే టీచర్లు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో చాలామంది. కానీ ఆ శ్రమంతా పదో తరగతిలో కుప్పపోయడం వల్ల మూడో తరగతి గదిలో టీచర్ ఉన్నాడో లేడో ఎవరూ చూడరు. టీచర్ల నియామకానికి 2017 టీఆర్టీ తర్వాత మళ్లీ డీఎస్సీ 2024లో గానీ జరగలేదు. ఏడేళ్లు. 11,062 పోస్టులకు ప్రకటన ఇచ్చి, అక్టోబరు 9న పదివేల మందికి పైగా నియామక పత్రాలిచ్చారు. ఆ ఏడేళ్లలో పల్లె బడుల్లో ఒకే టీచర్‌తో ఐదు తరగతులు సాగించిన పిల్లలకు ఏ పరీక్ష పెట్టినా అది ఎవరి పరీక్ష?

దీనికి తోడు ఇప్పుడు ఫెయిల్ చేయడం తిరిగి వచ్చింది. 2019లో విద్యాహక్కు చట్టం సవరించి ఐదు, ఎనిమిది తరగతుల్లో పరీక్ష పెట్టి ఆపవచ్చని రాష్ట్రాల ఇష్టానికి వదిలారు. 2024 డిసెంబరులో కేంద్రం తన బళ్లకు అమలు చేసింది. పరీక్ష భయం లేక పిల్లలు చదవడం లేదని వాదించే పెద్దమనుషులు నగరాల్లో ఎక్కువ. వాళ్లు ఒకసారి అక్టోబరులో గట్టు మండలం రావాలి. నీతి ఆయోగ్ ఆకాంక్షిత బ్లాకుల జాబితాలో ఉన్న మండలమది. అక్కడ ఐదో తరగతిలో ఆగిపోయిన ఆడపిల్ల వచ్చే ఏడాది మళ్లీ ఐదులో కూర్చోదు. చేను ఆమెను ఎప్పుడూ ఫెయిల్ చేయలేదు. విత్తన పత్తి చేలల్లో పిల్లల పని మీద పరిశోధకులు పాతికేళ్లుగా రాస్తూనే ఉన్నారు. శాంతా సిన్హా గారి ఎంవీ ఫౌండేషన్ బడి బయటి పిల్లలను శిబిరాల్లో పెట్టి, వాళ్ల వయసు తరగతికి సిద్ధం చేసి బడికి పంపింది. ఆ పనికే ఆమెకు 2003లో మెగసెసె వచ్చింది. ఆ శిబిరాల్లో చేసిందీ మూల్యాంకనమే. పిల్ల ఎక్కడుందో చూడడం, అక్కడి నుంచి మొదలుపెట్టడం. 2016లో బాల కార్మిక చట్టం సవరించి, బడి వేళలు కాని సమయంలో కుటుంబ పనిలో సాయం చేయవచ్చన్నారు. నడిగడ్డలో సీడ్ పత్తి చాలామటుకు కుటుంబం పేరు మీదే. సాయంత్రం మొగ్గ ఒలవడం చట్టం ప్రకారం సాయం. పొద్దున పుప్పొడి అద్దడం మాత్రం బడి వేళ. మొగ్గకు ఈ తేడా తెలియదు.

అంకెలకు డబ్బు కట్టడం అన్ని చోట్లా చెడ్డదేనా అంటే, దానికీ మన గడ్డ మీదే ఒక సాక్ష్యం ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 నుంచి కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్‌తో కలిసి 500 బళ్లలో ఒక ప్రయోగం చేశారు. కొన్ని బళ్లలో పిల్లల సగటు మార్కు ఐదు శాతం దాటి పెరిగితే, ఆపైన ఒక్కో శాతానికీ టీచర్‌కు రూ.500 చొప్పున బోనస్. రెండేళ్లలో బోనస్ ఉన్న బళ్లలో పిల్లలకు లెక్కలూ తెలుగూ మెరుగయ్యాయి, బోనస్ లేని సబ్జెక్టులు కూడా వాటితో పాటు లేచాయి. ఇక్కడ గమనించాల్సింది బోనస్ కాదు, కొలిచిన తీరు. అక్కడ పాస్ శాతం చూడలేదు. పిల్ల ఏడాది మొదట్లో ఎక్కడుంది, చివర ఎక్కడికి వచ్చింది, ఆ దూరం చూశారు. పరీక్షకు రాని పిల్ల టీచర్‌కు లాభం కాకుండా జాగ్రత్తపడ్డారు. ఈ ప్రయోగాన్ని అమెరికాలో జీతాల వాదాల్లో తరచూ ఉదాహరిస్తారు. మన జిల్లా సమీక్షల్లో దాని ఊసే వినపడదు.

నేను బోనస్‌లు అడగడం లేదు. నాకు కావలసినవి చిన్నవి. పరఖ్ లాంటి సర్వే జరిగిన రోజు ప్రతి జిల్లా ఫలితం పక్కన ఆ రోజు హాజరు శాతం అచ్చేయాలి. రిజిస్టరులో ఎందరు, గదిలో ఎందరు అన్న రెండు అంకెలూ పక్కపక్కన ఉండాలి. హాజరు 95 దాటని చోట సగటును సగటు అనకూడదు. టెన్త్ ఫలితాలు ఇప్పుడు బాలురు, బాలికలు, గురుకులం, జిల్లా పరిషత్ అని విడదీసి చెబుతున్నారు కదా. మండలం వారీగా కూడా చెప్పాలి. ఇంట్లో మొదటి తరం చదువరులు ఎందరో చెప్పాలి. ఆరో తరగతిలో చేరిన నూరుమందిలో పదో తరగతి హాల్‌టికెట్ అందుకున్నది ఎందరో చెప్పాలి. ఈ చివరి అంకె వేస్తే మన షార్ప్స్‌టౌన్‌లు ఎన్నో బయటపడతాయని నా అనుమానం. అందుకే అది వేయడం లేదని అనను. అడిగినవాళ్లు లేక వేయడం లేదంటాను.

మరొకటి, విద్యా క్యాలెండర్. పండుగలకు సెలవులు మార్చే ప్రభుత్వం, ఎన్నికలకు పరీక్షలు మార్చే ప్రభుత్వం, నడిగడ్డలో ఎఫ్ఏ-2ను క్రాసింగ్‌కు ముందు పెట్టలేదా? ముందు పెట్టి, క్రాసింగ్ అయ్యాక మళ్లీ పెట్టి, మధ్యలో ఏం పోయిందో చూడలేదా? పిల్లలకు మార్కులు వేయడానికి కాదు. పోయిన చదువు విలువెంతో తెలిస్తే, ఆ బిల్లు విత్తన కంపెనీలకూ కార్మిక శాఖకూ పంపవచ్చు. ఇది జిల్లా స్థాయిలోనే తేలగల పని, దీనికి ఈటీఎస్ నుంచి నిపుణులు అక్కర్లేదు.

వచ్చే సర్వే తేదీ ఢిల్లీలో ఖరారవుతుంది. ఆ తేదీ వచ్చాక మల్దకల్‌లోనో ధరూర్‌లోనో ఒక హెచ్ఎం తొమ్మిదింపావుకు హాజరు పట్టీ తెరుస్తాడు. నలభై పేర్లలో ఇరవై ఆరు పలుకుతాయి. మిగతా పద్నాలుగు చోట్ల ఏం రాయాలో ఆయనకు పై నుంచి వచ్చిన ఫారంలో గడి లేదు.